ముఖానికి కదలిక, అక్షరానికి అంచు: వీడియో సమావేశాల్లో స్లైడ్లు ఎందుకు మసకబారతాయి

పురుగుమందుల వాడకం మీద ఒక ఆన్‌లైన్ శిక్షణ జరుగుతోందనుకుందాం. వక్త తెర మీద ఒక పట్టిక ఉంది. అందులో ఒక గడిలో ‘లీటరు నీటికి 2.5 మి.లీ.’ అని రాసి ఉంది. వక్త లాప్‌టాప్‌లో అది స్పష్టంగానే కనిపిస్తుంది. అదే స్లైడు మొబైల్ డేటా మీద, చిన్న ఫోనులో చూస్తున్న రైతును చేరేసరికి ఆ దశాంశ బిందువు పక్క అంకెల మసకలో కలిసిపోవచ్చు. అప్పుడు మిగిలేది 25. మాట వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి సమావేశం సవ్యంగా సాగుతున్నట్టే అందరికీ అనిపిస్తుంది. స్లైడు చదవడానికి రావడం లేదని మధ్యలో ఆపి చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు. అందుకే ఈ లోపం పంపేవారికి కనబడకుండా ఏళ్ల తరబడి అలాగే కొనసాగుతుంది.

దీనికి అందరూ చెప్పే కారణం ఒకటే: నెట్ సరిగా లేదు. అది సగం నిజం. కదలని స్లైడుకు కావలసిన డేటా, మాట్లాడే ముఖానికి కావలసిన దానికంటే చాలా తక్కువ. జూమ్ సంస్థ తన సహాయ పత్రాల్లో ఇచ్చిన లెక్క ప్రకారం తెరను మాత్రమే పంచుకోవడానికి సెకనుకు 50 నుంచి 75 కిలోబిట్లు సరిపోతాయి. ఇద్దరి మధ్య 720పి వీడియోకు 1.2 మెగాబిట్లు కావాలి. మన దేశంలో 2023 నుంచి బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీస డౌన్‌లోడ్ వేగం సెకనుకు 2 మెగాబిట్లు ఉండాలి. ఆ కనీస వేగంలోనూ స్లైడు హాయిగా పట్టాలి. పట్టడం లేదంటే, వేగం కంటే ముందు స్లైడును పంపుతున్న పద్ధతిని అనుమానించాలి.

వీడియోను కుదించే విధానాలు, అంటే కోడెక్‌లు, ప్రధానంగా కెమెరా దృశ్యాల కోసం పుట్టినవి. ఫుల్ హెచ్‌డీ తెర మీద, అంటే 1920×1080లో, 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. పిక్సెల్‌కు 24 బిట్ల చొప్పున, సెకనుకు 30 ఫ్రేములను, అంటే వరుసగా వచ్చే 30 చిత్రాలను, ఉన్నవి ఉన్నట్టు పంపాలంటే సెకనుకు దాదాపు 1.5 గిగాబిట్లు కావాలి. సమావేశంలో నిజంగా ప్రయాణించేది అందులో సుమారు వెయ్యో వంతు. మారని భాగాలను మళ్లీ పంపకుండా కోడెక్ కొంత ఆదా చేస్తుంది. మిగిలింది వివరాలను వదిలేసి ఆదా చేస్తుంది. చిత్రాన్ని చిన్న చతురస్రాలుగా విడగొట్టి, ఒక్కోదానిలో నెమ్మదిగా మారే ఛాయలను నిలుపుకొని, చటుక్కున మారే సన్నని వివరాలకు కోత పెడుతుంది. మనిషి ముఖానికి ఇది చక్కగా సరిపోతుంది. చెంప మీది నీడ నెమ్మదిగానే మారుతుంది. జుట్టులో కొంత వివరం పోయినా కన్ను పట్టించుకోదు. అక్షరం దగ్గర ఈ లెక్క తప్పుతుంది. తెల్లని నేల మీద నల్లని గీతలో నెమ్మదిగా మారేదంటూ ఏమీ లేదు. అక్షరమంటేనే అంచు. ఆ అంచుకు కోత పడితే గీత పలచబడి, చుట్టూ బూడిదరంగు మరకలు మిగులుతాయి.

రంగు అక్షరాలకు జరిగే నష్టం ఇంకా ఎక్కువ. వెలుగులోని తేడాలను పట్టినంత సూక్ష్మంగా రంగులోని తేడాలను మన కన్ను పట్టదు. దాన్ని ఆసరా చేసుకుని సమావేశ వ్యవస్థలు మామూలుగా 4:2:0 అనే పద్ధతిని వాడతాయి. ఇందులో పక్కపక్కన, పైన కింద ఉన్న నాలుగు పిక్సెళ్లకు వెలుగు విలువలు విడివిడిగా వెళ్తాయి. రంగు సమాచారం మాత్రం నాలుగింటికీ కలిపి ఒక్కటే. నల్లని అక్షరానికీ తెల్లని నేపథ్యానికీ మధ్య తేడా అంతా వెలుగులోనే ఉంటుంది కాబట్టి దానికి పెద్ద ఇబ్బంది లేదు. ముదురు నీలం మీద ఎర్ర అక్షరాలు పెట్టారనుకోండి, రెండింటి వెలుగులో తేడా తక్కువ. అక్షరాన్ని నేపథ్యం నుంచి విడదీసేది ప్రధానంగా రంగే. ఆ రంగు సగం నిడివిలో, సగం ఎత్తులో చేరుతుంది. ప్రొజెక్టర్ మీద ఆకర్షణీయంగా కనిపించిన శీర్షిక ఇంటర్నెట్ దాటాక అలుక్కుపోయినట్టు కనిపించడానికి కారణం ఇదే. ముఖ్యమైన మాటను ఎర్రగా రాసే అలవాటు మనకు బాగా ఉంది. వీడియో సమావేశంలో ఆ అలవాటు ముఖ్యమైన మాటనే ముందు చెరిపేస్తుంది.

ఇక స్లైడు మారే క్షణం. కొత్త స్లైడు రాగానే ఒకటి రెండు సెకన్లు మసకగా ఉండి, తరువాత మెల్లగా తేరుకోవడం అందరూ గమనించినదే. పంపేవారి నుంచి సెకనుకు 1 మెగాబిట్ వెళ్తోందని, కోడెక్ 30 ఫ్రేముల పద్ధతిలో నడుస్తోందని అనుకుందాం. ఒక్కో ఫ్రేముకు దక్కేది దాదాపు 4 కిలోబైట్లు. పట్టికలు, బొమ్మలు నిండిన స్లైడును మొదటిసారి స్పష్టంగా పంపడానికి 200 కిలోబైట్లు కావాలనుకుంటే, ఒక ఫ్రేము వాటాలో అది ఎలాగూ పట్టదు. కోడెక్ ముందు మసక రూపాన్ని పంపి, తరువాతి ఫ్రేముల్లో మెరుగులు దిద్దుకుంటూ పోతుంది. మొత్తం చేరడానికి 1.6 సెకన్లు పడుతుంది. అదే కోడెక్‌ను సెకనుకు 5 ఫ్రేములకు దింపితే ఒక్కో ఫ్రేముకు 25 కిలోబైట్లు దక్కుతాయి. స్లైడులో సెకనుకు ముప్పైసార్లు మారేదేమీ లేదు కాబట్టి చూసేవారు పోగొట్టుకునేది శూన్యం.

ఈ లెక్క తెలిశాక స్లైడ్ల మధ్య పెట్టే హంగుల గురించి వేరే చెప్పనక్కర్లేదు. పాత స్లైడు కరిగి కొత్తది తేలడం, పక్క నుంచి జారుతూ రావడం వంటివి ఒక సెకను పాటు ప్రతి ఫ్రేమునూ కొత్త చిత్రంగా మార్చేస్తాయి. అందుబాటులో ఉన్న డేటా అంతా ఎవరూ చదవని మధ్య దశలకు ఖర్చయి, అసలు స్లైడు మసకగా మొదలవుతుంది. నేపథ్యంలో ఫోటో పెట్టి దాని మీద అక్షరాలు వేయడం కూడా ఇలాంటి దుబారాయే. ఆకుల గరుకుదనానికి వెళ్లే బిట్లు అక్షరాల నుంచి లాక్కున్నవే.

పంపిన డేటాలో కొంత దారిలోనే తప్పిపోవడం మరో సమస్య. ఇంటర్నెట్ మీద వీడియో దాదాపు 1,200 బైట్ల చిన్న ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా, వెళ్తుంది. 200 కిలోబైట్ల చిత్రానికి సుమారు 167 ప్యాకెట్లు కావాలి. దారిలో నూటికి ఒక ప్యాకెట్ చొప్పున పోతే, అన్నీ మొదటిసారే క్షేమంగా చేరే అవకాశం అయిదింట ఒక వంతు కూడా లేదు. పోయినవాటిని మళ్లీ అడిగి తెప్పించుకునే దాకా స్లైడు మారదు, లేదా ముక్కలుగా కనిపిస్తుంది. వక్త ‘ఈ పట్టికలో చూడండి’ అంటున్నప్పుడు వినేవారి తెర మీద ఇంకా పాత పట్టికే ఉండటానికి ఇదో కారణం. స్లైడు మార్చాక రెండు మూడు సెకన్లు ఆగి మాట్లాడటం పైసా ఖర్చు లేని మందు.

ముఖమూ స్లైడూ ఒకే దారిలో సర్దుకోలేవన్న సంగతి ఇంజనీర్లకు కొత్తగా తెలిసినదేమీ కాదు. టెలిఫోన్ లైన్ల మీద వీడియో పంపడానికి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య రూపొందించిన హెచ్.261 ప్రమాణంలో సాధారణ చిత్రం 352×288 పిక్సెళ్లు. దాని మీద పత్రాలు చదవడం కుదరదు. అందుకే 1993లో ఆ ప్రమాణానికి నిశ్చల చిత్రాల కోసం ఒక అనుబంధం చేర్చారు. కదిలే వీడియోను కాసేపు ఆపి, నాలుగింతల పిక్సెళ్లతో, అంటే 704×576లో, ఒక బొమ్మను నింపాదిగా పంపే ఏర్పాటు అది. 2003లో వచ్చిన హెచ్.239తో ముఖానికి ఒక దారి, స్లైడ్లకు మరో దారి ఒకే సమావేశంలో పక్కపక్కన నడిచే వీలు ప్రామాణికమైంది. స్లైడ్ల దారి ఒక సమయంలో ఒక్కరి చేతిలోనే ఉండేలా అనుమతి చీటీ వంటి పద్ధతినీ అందులోనే పెట్టారు. ఇవాళ ఒకరు తెర పంచుకుంటుండగా రెండోవారు మొదలుపెట్టబోతే మొదటివారిది ఆగిపోతుందని హెచ్చరిక రావడం ఆ ఆలోచనకు దగ్గర చుట్టమే.

దారులు వేరైనా, ఈ దారిలో వెళ్తున్నది అక్షరమా సినిమానా అన్నది వ్యవస్థకు ఎవరో ఒకరు చెప్పాలి. బ్రౌజర్లలో నడిచే సమావేశాలకు ఆధారమైన వెబ్‌ఆర్‌టీసీలో ఇందుకోసం మూడు సూచనలున్నాయి: కదలిక, వివరం, పాఠ్యం. కదలిక అని చెబితే నెట్ నెమ్మదించినప్పుడు ఫ్రేముల వేగాన్ని కాపాడి, స్పష్టతను తగ్గిస్తారు. వివరం లేదా పాఠ్యం అంటే స్పష్టతను కాపాడి, ఫ్రేములను తగ్గిస్తారు. ఈ ఎంపిక వాడుకరి దాకా వచ్చేది ఒక చిన్న గడి రూపంలో. జూమ్‌లో తెర పంచుకునేటప్పుడు వీడియో క్లిప్‌కు అనువుగా మార్చమనే గడి కనిపిస్తుంది. ఎప్పుడో ఒక వీడియో చూపించడానికి దాన్ని నొక్కి, తరువాత తీయడం మరిచిపోతే మిగతా స్లైడ్లన్నీ మసకబారతాయి. వీడియో చూపనప్పుడు దాన్ని నొక్కవద్దని జూమ్ తన సూచనల్లోనే చెబుతుంది. స్లైడ్లు మసకగా వెళ్తున్నాయంటే నెట్ కంపెనీకి ఫోను చేసేకంటే ముందు చూడాల్సింది ఆ గడినే.

కొత్త కోడెక్‌లు తెర మీది అక్షరాలను ప్రత్యేకంగా గుర్తించడం నేర్చుకున్నాయి. 2016లో హెచ్‌ఈవీసీ ప్రమాణానికి చేర్చిన తెర దృశ్యాల విభాగంలోనూ, 2018లో వచ్చిన ఏవీ1లోనూ ఇందుకు రెండు ముఖ్యమైన ఉపాయాలున్నాయి. స్లైడులో ఒక చిన్న చతురస్రాన్ని తీసుకుంటే అందులో రెండో మూడో రంగులే ఉంటాయి. ఆ రంగుల పట్టీని ఒకసారి రాసి, ఏ పిక్సెల్‌ది ఏ రంగో చెబితే చాలు. అంచుకు కోత పెట్టే పనే ఉండదు. రెండోది, ఒక చోట కనిపించిన ఆకారం అదే ఫ్రేములో మరోచోట వస్తే దాన్ని అక్కడి నుంచే నకలు చేయడం. పాత అచ్చుకూటంలో కంపోజిటరు ‘క’ కావాల్సిన ప్రతిసారీ అదే గడిలోంచి అచ్చును తీసుకున్నట్టు, కోడెక్ కూడా ఒకసారి పంపిన అక్షరాన్ని మళ్లీ వాడుకుంటుంది. అక్షరాలు నిండిన స్లైడుకు దీనివల్ల కలిగే మేలు చాలా పెద్దది. మైక్రోసాఫ్ట్ టీమ్స్ కూడా తెర పంచుకోవడానికి ఏవీ1ను తెచ్చింది. అయితే పంపే కంప్యూటర్, అందుకునే పరికరం రెండూ ఆ కోడెక్‌ను నడపగలగాలి. పాత ఫోన్లు, చవక లాప్‌టాప్‌లు ఉన్నచోట ఇంకా పాత హెచ్.264 వంటివాటి మీదే ఆధారపడక తప్పదు.

ఇంతకంటే మెరుగైన దారి ఒకటుంది. అసలు స్లైడు బొమ్మను పంపకపోవడం. స్లైడు ఒక ఫైలు. దాన్ని చూసేవారి పరికరానికే ఇచ్చి, ‘ఇప్పుడు ఏడో పేజీ చూపించు’ అన్న చిన్న సందేశం మాత్రం పంపితే, అక్షరాలను ఆ పరికరమే తన తెరకు తగ్గట్టు గీసుకుంటుంది. కుదింపు మరకలు ఉండవు. ఫోనులో వేళ్లతో పెద్దది చేసుకున్నా గీత గీతలాగే ఉంటుంది. టీమ్స్‌లోని పవర్‌పాయింట్ లైవ్ ఇదే పద్ధతి. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన బిగ్‌బ్లూబటన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కూడా బోధకులు ఎక్కించిన పత్రాన్ని పేజీలుగా మార్చి విద్యార్థుల బ్రౌజర్లకు పంపుతుంది. 2022లో వచ్చిన మూడుల్ 4.0 నుంచి అది ఆ బోధన వేదికలో భాగంగానే వస్తోంది. తరగతి పాఠాలకు, శిక్షణలకు ఈ పద్ధతిని మొదటి ఎంపికగా చేసుకోవడం న్యాయం. బలహీనమైన కనెక్షన్ ఉన్న విద్యార్థికి ఇంతగా ఉపకరించే మార్గం మరొకటి లేదు.

తెలుగు స్లైడ్లకు మాత్రం ఇక్కడ ఒక చిక్కుంది. ఫైలును అవతలి సర్వరో పరికరమో గీస్తున్నప్పుడు, వక్త వాడిన ఫాంటు అక్కడ లేకపోతే దానికి తోచిన మరో ఫాంటు వచ్చి కూర్చుంటుంది. పంక్తులు విరిగే చోట్లు మారతాయి, పట్టిక గడుల్లోంచి అక్షరాలు బయటికి పొంగుతాయి. యూనికోడ్‌కు ముందు నాటి ఫాంట్లలో టైపు చేసిన స్లైడ్లయితే తెలుగు స్థానంలో అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. మందు తేలికే. స్లైడ్లను ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్‌గా మార్చి దాన్నే ఎక్కించాలి. మార్చిన పీడీఎఫ్‌ను ఒకసారి ఫోనులో తెరిచి చూస్తే ఒత్తులు, గుణింతాలు సరిగా ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది.

పంపే పద్ధతి ఎంత మంచిదైనా, అక్షరం పరిమాణం తప్పితే చేయగలిగింది లేదు. పవర్‌పాయింట్ మామూలు స్లైడు ఎత్తు 19 సెంటీమీటర్లు. ఆరున్నర అంగుళాల ఫోనును అడ్డంగా తిప్పి పట్టుకుంటే తెర ఎత్తు 7 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అంటే స్లైడులో 18 పాయింట్ల అక్షరం ఫోనులో 6.4 పాయింట్లయి కనిపిస్తుంది. పుస్తకంలో అక్షరం సాధారణంగా పది పన్నెండు పాయింట్లుంటుంది. ఫోనును నిలువుగానే పట్టుకుంటే అదే అక్షరం 3.6 పాయింట్లకు దిగుతుంది. మందు సీసా మీది సన్నని అక్షరాలూ అంతకంటే నయం. ఫోనులో పుస్తకం చదివినట్టుండాలంటే స్లైడులో కనీసం 28 పాయింట్లు ఉండాలి. తెలుగుకైతే 32కు తగ్గకపోవడం మంచిది.

తెలుగుకు ఎక్కువ ఎందుకు కావాలో పిక్సెళ్ల దగ్గర చూస్తే తెలుస్తుంది. నెట్ బలహీనంగా ఉన్నవారికి కొన్ని వ్యవస్థలు 360 వరుసల చిన్న ప్రతిని పంపుతాయి. అందులో 18 పాయింట్ల అక్షరానికి మొత్తం 12 పిక్సెళ్ల ఎత్తు దక్కుతుంది. ఇంగ్లిషు అక్షరం ఆ పన్నెండులో ఎలాగో సర్దుకుంటుంది. తెలుగులో ఆ ఎత్తులోనే పైన గుడి, మధ్యలో అక్షరం, కింద ఒత్తు పట్టాలి. ఒత్తుకు మిగిలేది మూడు నాలుగు పిక్సెళ్లు. ద, ధలకు తేడా కిందనున్న చిన్న గీత. థకు లోపల ఒక చుక్క. ర, ఠల మధ్య తేడా కూడా చుక్కే. ఇవన్నీ ఒక్క పిక్సెల్ వ్యవహారాలు. కోడెక్ ముందుగా కోత పెట్టేది సరిగ్గా ఇలాంటి సన్నని వివరాలకే. చదువరి సందర్భాన్ని బట్టి చాలా పదాలను ఊహించుకుంటాడు కానీ, కొత్త పారిభాషిక పదాన్నీ, మందు పేరునూ, అంకెనూ ఊహించలేడు. అందుకే శీర్షికలకు వాడే కలం రాత ఫాంట్లను పాఠ్యంలో వాడకూడదు. గీత మందం అన్నిచోట్లా సమంగా ఉండే నోటో సాన్స్ తెలుగు, మండలి వంటివి ఈ పనికి తగినవి. పంక్తుల మధ్య ఖాళీ కూడా కొంచెం ఎక్కువ ఉంచాలి, లేకపోతే పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులతో ముడిపడతాయి.

సభామందిరంలో కొందరు, ఆన్‌లైన్‌లో కొందరు ఉండే సమావేశాల్లో స్లైడ్లకు జరిగే అన్యాయం అన్నింటికంటే ఎక్కువ. ప్రొజెక్టర్ తెర వైపు కెమెరా తిప్పి, అదే ప్రసారం అనుకుంటారు. హాలు చీకటి, తెర వెలుగు. కెమెరా వక్తకు సర్దుకుంటే స్లైడు తెల్లగా పేలిపోతుంది, స్లైడుకు సర్దుకుంటే వక్త నీడవుతాడు. వాలుగా తీయడం వల్ల అక్షరాలు వంగుతాయి. పైగా ఆ దృశ్యం కెమెరా దారిలో వెళ్తుంది కాబట్టి, వ్యవస్థ దాన్ని ముఖంలాగే కుదిస్తుంది. దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. స్లైడ్లున్న లాప్‌టాప్‌ను కూడా సమావేశంలో ఒక సభ్యుడిగా చేర్చి, దాని నుంచే తెర పంచుకుంటే సరిపోతుంది. దాని మైకు, స్పీకరు రెండూ మూసేయడం మాత్రం మరవకూడదు, లేకపోతే హాలంతా కూత పెడుతుంది.

పంపేవారి వైపు అప్‌లోడ్ వేగం తక్కువగా ఉంటే, స్లైడ్లు నడుస్తున్నంతసేపు కెమెరా ఆపేయడం మేలు. ముఖానికి వెళ్లే మెగాబిట్ అక్షరాలకు మిగులుతుంది. పెద్ద 4కే మానిటర్ మొత్తాన్ని పంచుకునే బదులు స్లైడ్ల కిటికీని మాత్రమే పంచుకుంటే, చూసేవారి తెర అంతా స్లైడుకే దక్కుతుంది. సమావేశానికి ముందు తన ఫోనునే వైఫై ఆపి, మొబైల్ డేటా మీద రెండో సభ్యుడిగా చేర్చి, అన్నింటికంటే కిక్కిరిసిన స్లైడును అందులో చదవగలమో లేదో చూసుకోవడం అయిదు నిమిషాల పని. ప్రతి స్లైడుకూ పెద్ద అంకెల్లో సంఖ్య వేసి, పీడీఎఫ్‌ను ముందే వాట్సాప్ బృందంలో ఉంచితే, తెర మసకబారినవారు కూడా ‘పన్నెండో స్లైడు, మూడో వరుస’ అని వేలు పెట్టి అడగగలుగుతారు. ఆ పీడీఎఫ్‌ను సమావేశం రికార్డింగుతో పాటు భద్రపరచడం కూడా అవసరమే. రికార్డింగు అంటే కుదించిన వీడియోను మళ్లీ కుదించడం. ప్రత్యక్షంగా చూసినప్పుడు అతికష్టం మీద చదవగలిగిన పట్టిక అందులో చాలాసార్లు చదవడానికి రాదు. తరువాత ఎప్పుడో వెనక్కి వెళ్లి చూసేవారికి ఆ అంకెలు దొరికేది ఫైలులోనే.